చూసినది: హైందవి గారు

గారు అని కూడా పెట్టాడు ఆ ముసలాయన, ఉత్త హైందవి అని రాసి ఊరుకుంటే సరిపోయేది, ఆ పేరున్నవాళ్ళు ఊళ్ళో వందమంది ఉంటారు, గారు అని మర్యాద చేసేసరికి అది ఎటూ తప్పించుకోలేని ఒక్క మనిషి అయిపోయింది, అనుకుంటూ ఆమె ఒళ్ళో ఉన్న కాగితాన్ని మళ్ళీ విప్పింది, షేర్ ఆటో పంజాగుట్ట చౌరస్తా దాటీ దాటగానే ఆగిపోయింది, మెట్రో కోసం రోడ్డు మధ్యలో రేకులు పాతి రెండు పక్కలా మిగిల్చిన సందులో బస్సులూ ఆటోలూ రాసుకుంటూ నిలబడ్డాయి, పక్కావిడ సంచీలోంచి ఏదో గట్టిది మోకాలికి గుచ్చుకుంటోంది, కాగితం మీద మాత్రం ఆ వరస చల్లగా అలాగే ఉంది, మందాకిని మహిళా హాస్టల్, ఎస్.ఆర్. నగర్, గదుల గడియలన్నీ సరిగా పడుతున్నాయి, చూసినది హైందవి గారు, పంజాగుట్ట, కింద కిందటి గురువారం తారీఖు, ఆ గురువారం ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో కుర్చీ దిగలేదు, క్యారేజీ కూడా కీబోర్డు పక్కనే పెట్టుకుని తిన్నది, ఆ హాస్టల్ ఏ వీధిలో ఉందో అడ్రసు చూడకుండా ఇవాళ్టికీ చెప్పలేదు, అయినా చూసినది తనే అని అచ్చులో ఉంది కాబట్టి ఎక్కడో ఎవరో నమ్ముతూనే ఉంటారు.

ఆఫీసు యజమాని కేదార్ పొద్దున ఇంటర్నెట్లోంచి ఆ పేజీని ప్రింటు తీయించి గోడకి అంటించాడు, ఆమెకో కాపీ ఇచ్చి, పుల్లారెడ్డి కాకపోయినా ఫర్వాలేదన్నట్టుండే ఒక డబ్బాలోంచి కలాకంద్ ముక్క తనే తీసి పెట్టాడు, ఆఫీసు మొత్తం నలుగురే, ఆ నలుగురి ముందూ, ఈ పేజీ నుంచి లింకు తెచ్చినవాడు హైదరాబాదులో లేడు, హైందవి తెచ్చింది, ఒకటో తారీఖుకి పర్మనెంట్ లెటర్ మీద సంతకం పెట్టేస్తున్నాను అన్నాడు, ఎనిమిది నెలలుగా ట్రైనీ అనే మాటని మెడలో వేసుకుని తిరుగుతోంది కాబట్టి ఆమె కూడా నవ్వింది, ఇంకో మాట ఆయన అనలేదు గానీ అందరికీ తెలుసు, నెలాఖరుకి సెర్చ్‌లో మొదటి పేజీకి రాకపోతే మానేస్తామని మందాకిని వాళ్ళు చెప్పే ఉన్నారు, వాళ్ళు మానేస్తే మొట్టమొదట ఖాళీ అయ్యేది ఆమె కుర్చీ, అందుకే కలాకంద్ గొంతు దిగుతున్నప్పుడు తలనొప్పి అని అబద్ధం చెప్పి బయటపడింది, అదేం పెద్ద అబద్ధం కాదు, ఈ మధ్య అబద్ధాలలో కూడా ఆమెకి చిన్నవీ పెద్దవీ తేడా తెలుస్తోంది.

అసలు నువ్వు చేసే పనేంటే అని తణుకు నుంచి అమ్మ అడిగితే ఆమె ఇప్పటికీ కంప్యూటర్ పని అనే చెబుతుంది, కేదార్ అయితే చేరిన రోజే బాగా చెప్పాడు, సంబంధం కోసం వచ్చినవాళ్ళు ఊళ్ళో వాకబు చేస్తారు కదా, పిల్లాడి గురించి మంచివాళ్ళు పదిమంది మంచిమాట చెబితే చాలు, సెర్చ్ ఇంజన్ కూడా అంతే, ఒక సైటు ఇంకో సైటు పేరు చెప్పి అక్కడికి వెళ్ళండి అంటే అది లింకు, అలా చెప్పేవాళ్ళని మనం సంపాదించాలి, వాళ్ళు ఎంత పెద్దమనుషులైతే మనం అంత పైకి పోతాం, అన్నాడు, ఆమె చేరక ముందు పెద్దమనుషుల దాకా పోకుండా ఎవరూ చదవని సైట్లు వేలం వెర్రిగా తయారు చేసి ఒకదానిచేత ఇంకోదాని పేరు చెప్పించేవారు, కిందటేడు ఏప్రిల్లో సెర్చ్ ఇంజన్ వాళ్ళకి ఆ నాటకం తెలిసిపోయి రూలు మార్చేసరికి ఆఫీసు కస్టమర్లందరూ మొదటి పేజీ నుంచి తొమ్మిదో పేజీకి జారారు, తొమ్మిదిమంది స్టాఫ్ నలుగురయ్యారు, మిగిలిన వాళ్ళకి వచ్చిన పని ఉత్తరాలు రాయడం, అయ్యా మీ పేజీ చదివి ఎంతో సంతోషించాను అని రోజుకి ముప్ఫై, పేరు మార్చడం, పంపడం, ఒకసారి పేరు మార్చడం మర్చిపోతే ఒకాయన నేను ఫలానా ఆయన్ని కానమ్మా అని మర్యాదగా జవాబిచ్చాడు, వందకి ఇద్దరు ఒప్పుకుంటారు, ఒప్పుకున్నవాళ్ళ కోసం వ్యాసాలు రాసివ్వాలి, మందాకినిలో అమ్మ చేతి వంట, అక్కలాంటి వార్డెన్, నిశ్చింతైన నిద్ర, అని ఆమె ఎన్ని రాసిందో లెక్కలేదు, వంద దాటిన లింకుల్లో ఏ ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు, అదే ఆ పనిలో హాయి, గోడకి సున్నం వేసినవాడి పేరు ఎవరడుగుతారు.

రామ్మోహనరావు గారు మాత్రం వేరే రకం, మాసబ్ ట్యాంక్‌లో ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, తెల్లటి పేజీ మీద నల్లటి తెలుగు అక్షరాలు, ఒక్క ఫోటో ఉండదు, ఒక్క ప్రకటన ఉండదు, అమీర్‌పేట చుట్టుపక్కల ఆడపిల్లల హాస్టళ్ళ జాబితా, అంతే, గొడుగు పట్టుకుని ఒక్కో హాస్టల్‌కి నడిచి వెళ్ళి కుళాయి తిప్పి చూస్తాడు, మంచం మీద కూర్చుని చూస్తాడు, ప్రతి తలుపు గడియా మూడుసార్లు వేసి తీస్తాడు, అప్పుడు గానీ పేరు ఎక్కించడు, పేరు కింద చూసినది నేను అని తారీఖు వేస్తాడు, ఆయనకి తెలియకుండానే కాలేజీలూ పత్రికలూ ఆ పేజీని చూడమని రాశాయి, కేదార్ భాషలో చెప్పాలంటే అది బంగారం, దానికోసం ఆమె రాసిన ఏడో ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు, ఫోన్ చేశాడు, మోకాలు ఆపరేషనైందమ్మా, మూడు నెలలు మెట్లెక్కొద్దన్నారు, మీదేమో మూడంతస్తులంటున్నావు, నేను రాలేను, మరి నువ్వు చూశావా, అన్నాడు, చూశానండీ, అంది, ఎంత తొందరగా అందంటే రోజుకి ముప్ఫై ఉత్తరాలు రాసే చెయ్యి నోట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది, గడియలు పడుతున్నాయా, పడుతున్నాయండీ, అన్నీనా, అన్నీ అండీ, ఇంకేం అడగలేదు, వంట సంగతి అడుగుతాడని వ్యాసం సిద్ధంగా పెట్టుకుంది, అదేం పనికి రాలేదు, అయితే నీ పేరే వేస్తానమ్మా, చూడనివాణ్ణి నా పేరు వేసుకోకూడదు కదా, అని పెట్టేశాడు.

ఆటో కదిలేలా లేదు, దిగిపోయి నడక మొదలుపెట్టింది, ఇప్పుడెందుకు వెళ్తున్నట్టు అని తనని తనే ఎవరినో అడిగినట్టు అడిగింది, జవాబు సిద్ధంగానే ఉంది, వెళ్ళి చూసేస్తే చూశానన్న మాట నిజమైపోతుంది, ఐదు రోజులు అటూ ఇటూ, తారీఖు ఒక్కటే తప్పు, తారీఖు తప్పులు ఏ ఆఫీసులో లేవు, గడియలు పడితే చాలు, పడకుండా ఎందుకుంటాయి, అమ్మాయిల హాస్టల్‌కి గడియలు కూడా లేకుండా ఎవరు నడుపుతారు, ఈ ధైర్యంతో అమీర్‌పేట దాకా బాగానే నడిచింది, మైత్రీవనం దగ్గర పాంప్లెట్లు చేతిలో కుక్కేవాళ్ళు జావా, డాట్ నెట్, టెస్టింగ్, నూటికి నూరు ఉద్యోగం గ్యారంటీ అంటూ అడ్డం పడ్డారు, నాలుగు కాగితాలు తీసుకుని చదవకుండా మడిచింది, రాసినవాళ్ళు కూడా చూసి రాసి ఉండరు, వాళ్ళకీ ఎవరో కేదార్ కలాకంద్ పెట్టి ఉంటాడు, అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు మాత్రం ఎస్.ఆర్. నగర్ మలుపు తిరిగేసరికి ఎక్కడో జారిపోయింది.

మందాకిని ఆమె రాసినంత బాగా లేదు, భయపడినంత చెడ్డగానూ లేదు, అదే కాస్త ఇబ్బంది పెట్టింది, కింద అంతస్తులో కర్రీ పాయింటు, మగపిల్లలు గుంపులుగా నిలబడి తింటున్నారు, హాస్టల్‌కి పోవడానికీ వాళ్ళు చేతులు కడుక్కోవడానికీ ఒకటే మెట్లదారి, మెట్ల కింద టేబుల్ వేసుకుని కూర్చున్న వార్డెన్ ఛాయాదేవి రిజిస్టర్ తెరిచి, త్రీ షేరింగా ఫోర్ షేరింగా అమ్మా అంది, ఊరికే చూసి పోతానండీ అంటే, చూసుకో తల్లీ, చూడకుండా ఎవరు చేరతారు, అని మర్యాదగానే పైకి పంపింది, మొదటి అంతస్తులో ఒక తలుపు తీసి ఉంది, లోపలెవరూ లేరు, హైందవి లోపలికెళ్ళి గడియ వేసింది, పడింది, ఊపిరి వదిలింది, రెండోసారి వేసింది, మూడోసారి కూడా వేసింది, ముసలాయన లెక్క అది, రెండో అంతస్తులో నాలుగు తలుపుల్లో రెండింటికి గడియ కడ్డీ బెజ్జానికి అంగుళం కిందనే ఆగిపోతోంది, తలుపు వానలకి ఉబ్బిందో, ద్వారబంధమే దిగిపోయిందో, ఒక తలుపు వెనక నీళ్ళు నింపిన బకెట్టు అడ్డం పెట్టి ఉంది, ఇంకోదానికి చున్నీ ముడి, స్నానాల గది ముందు ఒకమ్మాయి తలుపు పిడి పట్టుకుని నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది, లోపల ఇంకో అమ్మాయి నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు, ఒకరు పోసుకుంటే ఇంకొకరు కాపలా, ఆ అమ్మాయి హైందవిని చూసి జరిగి దారిచ్చింది, వింతేం లేదన్నట్టు, ఆమెకీ వింతనిపించలేదు, ఊరు వదిలి వచ్చిన కొత్తలో వేరే హాస్టల్లో తనూ అలా నిలబడింది, తనకోసమూ ఒకరు నిలబడ్డారు, అమ్మ చేతి వంట అని రాసిన చెయ్యికి ఒక్కసారైనా ఆ పిడి గుర్తుకు రాలేదు.

మూడో అంతస్తు చివరి గదిలో ఒక పెద్దాయన చెప్పులు గడప బయట విడిచి, గదిలో మంచం మీద కూర్చోకుండా నేల మీద కూర్చుని ట్రంకు పెట్టెకి తాళం సరిచేస్తున్నాడు, ఇరవై రెండేళ్ళ పిల్ల గోడకి దేవుడి పటం ఎక్కడ తగిలించాలా అని మేకు కోసం వెతుకుతోంది, హైందవి అలవాటైపోయినట్టు తలుపు దగ్గరికి జరిపి గడియ వేసి చూసింది, అది సగం దాకా వచ్చి ఆగింది, ఇంకోసారి, ఇంకోసారి, పెద్దాయన తలెత్తి, అది పడతలేదు బిడ్డా, పొద్దటిసంది నేను సుత చూస్తున్న, వడ్రంగిని పిలుస్తమన్నరు, నువ్వు గీడనే ఉంటవా, అన్నాడు, లేదండీ, మధురానగర్‌లో, అంది, తర్వాత అడగకుండానే ఆయన చెప్పుకుపోయాడు, పేరు ఐలయ్య, ఊరు జనగామ దగ్గర, పిల్ల భూలక్ష్మి, ఏడాది సంది జావా నేర్చుకుంటనని ఒకటే పోరు, పట్నంల ఆడిపిల్లను ఏడ ఉంచాలె, నేనే వద్దంటి, ఎవరి మాట పట్టుకొని పంపాలె చెప్పు, మొన్న ఇంటర్నెట్ దుకాణంల కాయితం తీయించుకొచ్చింది, ఆ పెద్దసారు రాసేది మావోళ్ళందరికి ఎరుకే, కానీ సారు ఎంత మంచోడైనా మొగమనిషాయె, ఈ ఒక్కదాని కిందనే ఆడిపిల్ల పేరున్నది, ఆడిపిల్ల వొయ్యి చూసిందంటే ఆడిపిల్లకు కావలసినయే చూస్తది గద, ఇగ నాకు ఫికర్ లేదనుకున్న, అంటూ జేబులోంచి కాగితం తీశాడు, నాలుగు మడతలు, చెమటకి మెత్తబడింది, ఆమె సంచీలో ఉన్నదే, ఆ వరస కింద పెన్నుతో గీత గీసి ఉంది, రెండింటికి బస్సున్నది, పోతే మళ్ళ దసరాకే వచ్చుడు, అన్నాడు.

చెప్పకుండా దిగిపోవచ్చు, మెట్లు అక్కడే ఉన్నాయి, వడ్రంగి నిజంగానే రావచ్చు, ఇన్నాళ్ళూ ఇంతమంది ఇక్కడే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, ఈ పిల్లకీ ఏమీ కాకపోవచ్చు, తన ఉద్యోగం తనకుంటుంది, ఒకటో తారీఖు వస్తుంది, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఎంతో తెలివిగా వచ్చి నిలబడ్డాయి, వాటి మధ్యలోంచే తన గొంతు తనకి వినబడింది, ఆ హైందవి నేనేనండీ, నేను చూడలేదు, చూశానని చెప్పాను, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాను, అని, సిగ్గు వేసింది, చెవులు కాలేంత సిగ్గు, అది మాత్రం ఎవరిదో అన్నట్టు లేదు, ఐలయ్య కోప్పడతాడని చూసింది, ఆయన కాగితం కేసి చూశాడు, గడియ కేసి చూశాడు, ఇప్పుడు చూసినవ్ గద, చెప్పు మరి, ఉంచాల్నా తీస్కపోవాల్నా, అన్నాడు, ఇంత జరిగాక కూడా ఆయన అడుగుతున్నది ఆమె మాటే, ఇంకెవరి మాటా ఆయన దగ్గర లేదు, భూలక్ష్మి పటాన్ని మంచం మీద పెట్టేసి హైందవిని కసిగా చూసింది, క్లాసులు రేపటిసంది అక్కా, నేను బకెట్ అడ్డం పెట్టుకుంట, బాపుకు తీస్కపొమ్మని చెప్పకు నువ్వు, అంది, ఇప్పుడు తీసుకుపోతే ఇంకో ఏడాది పోతుందని ఆ పిల్లకి తెలుసు, హైందవికీ తెలిసింది, తన నిజం కూడా ఇంకొకరి మెడకే చుట్టుకుంటోందని.

బాల్కనీలోకి వెళ్ళి రామ్మోహనరావు గారికి ఫోన్ చేసింది, చెప్పింది, ఆయన తిడితే బాగుండేది, తిట్టలేదు, ఇప్పుడెక్కడున్నావమ్మా, అన్నాడు, అక్కడేనండీ, మూడో అంతస్తులో, అంది, నీ పేరు తీసెయ్యమంటావా, అన్నాడు, అవునండీ అనబోయి ఆగింది, తీసేస్తే కాగితాలు తీయించుకున్నవాళ్ళకి ఎవరు చెబుతారు, వద్దండీ, చూసిందే రాయండి, రెండో అంతస్తులో రెండు తలుపులు, మూడో అంతస్తులో చివరి గది, స్నానాల గది, గడియలు పడటం లేదు, కర్రీ పాయింటుకీ దీనికీ మెట్లదారి ఒకటే, అంది, ఆయన కలం కోసం వెతుక్కుని, మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు, ఇవాళ్టి తారీఖే వెయ్యనా అని అడిగాడు, ఇవాళ్టిదేనండీ, అంది, వెనక్కి తిరిగేసరికి ఛాయాదేవి ఆయాసపడుతూ నిలబడి ఉంది, మా సైటు చూసే అమ్మాయివి నువ్వేనా, మా జీతంతో బతుకుతూ నువ్వే ఇలా చెబుతావేంటమ్మా, అంది, ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ, ఇంతలో కేదార్ ఫోన్, బాల్కనీలో మాటలు కిందికి వినబడి ఛాయాదేవి పైకి వస్తూనే ఆయనకి చేసి చెప్పేసినట్టుంది, ఏంటి హైందవీ ఇది, ఆయనకి మళ్ళీ చేసి ఆపమను, నువ్వేం చేస్తున్నావో నీకు తెలుస్తోందా, అని ఆయన ఎంతో మెల్లగా అడిగాడు, తెలుస్తోందండీ, అని, రేపొచ్చి సిస్టమ్ అప్పజెబుతానని కూడా తనే చెప్పింది, గోడ మీద ప్రింటు ఎవరు పీకుతారా అని ఒక్క క్షణం ఆలోచించింది, తర్వాత అది కూడా పోయింది.

గదిలోకి వస్తే ఐలయ్య ట్రంకు పెట్టె మూసి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, తీసుకుపోవడానికే సిద్ధపడ్డాడు, భూలక్ష్మి గోడవైపు తిరిగి ఉంది, భుజాలు కదులుతున్నాయి, వంద చోట్ల లింకులు కట్టిన మనిషికి ఈ ఒక్క పిల్లని పంపడానికి ఒక్క చోటు తెలియదు, మరి నువ్వుండే కాడ ఎట్లుంటది బిడ్డా, అన్నాడు ఐలయ్య, ఉత్త మాటగానే అడిగాడు, వెంటనే అలవాటు కొద్దీ ఇంటి వాతావరణం, రుచికరమైన భోజనం, అన్నీ నాలుక దాకా వచ్చాయి, మింగేసింది, గడియలు పడతాయండీ, నేను రోజూ వేసుకుంటాను, నీళ్ళు ఆరింటికి వస్తే ఎనిమిదికి పోతాయి, పప్పు పలచగా ఉంటుంది, అడిగినా చిక్కబడదు, మా గదిలో ఒక మంచం ఖాళీ, కరెంటు పోతే ఆ మూల ఉక్కపోస్తుంది, ముందు చూడండి, నచ్చితేనే, అంది, ఇంత పేలవమైన వ్యాసం ఆమె ఎప్పుడూ రాయలేదు, ఐలయ్య లేచి నిలబడ్డాడు, బస్సుకు ఇంకా టైమున్నది, పోదాం పా, అన్నాడు.

ట్రంకు పెట్టె ఒక పిడి ఐలయ్య పట్టుకున్నాడు, రెండోది హైందవి, భూలక్ష్మి పటాన్ని గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక నడుస్తోంది, ఇంకా నమ్మలేదు, నమ్మాల్సిన పనీ లేదు, మధురానగర్ సందుల్లో ఎండ నెత్తి మీద ఉంది, పెట్టె అంచు నడిచే ప్రతిసారీ పిక్కకి తగులుతోంది, ఉద్యోగం పోయిందన్న మాట కూడా అలాగే అడుగడుక్కీ ఒకసారి తగిలి పోతోంది, ఇదేంటి ఈ భయం, ఇన్నాళ్ళూ లేనిది, అక్కడికి వెళ్ళండి, ఇక్కడికి వెళ్ళండి అని వందసార్లు చెప్పినప్పుడు ఒక్కసారీ లేనిది, ఈ నాలుగు వీధుల నడకకి ఎందుకొస్తోంది, అవి చదివినవాళ్ళలో ఒక్కరికైనా ఆమె మళ్ళీ ఎదురుపడలేదు, పడాల్సిన అవసరమూ రాలేదు, చెప్పింది, తప్పుకుంది, ఈ పిల్ల అలా కాదు, రేపు పొద్దున ఆరింటికి నిద్రమొహంతో బకెట్టు పట్టుకుని నీళ్ళ వరసలో వెనకే నిలబడుతుంది, రాత్రి పడుకోగలిగిందో లేదో, ఎందుకు తీసుకొచ్చావక్కా అంటుందో అనదో, ఏదన్నా కానీ ఆ మొహంలోకి చూడాలి, ఎల్లుండి చూడాలి, ఆ తర్వాత రోజూ చూడాలి, ఒకరిని ఫలానా చోటికి పొమ్మని చెప్పడమంటే మర్నాడు పొద్దున వాళ్ళకి ఎదురుపడటానికి ఒప్పుకోవడమేనని ఆమెకి అప్పుడు అర్థమైంది.